పిలువకయే వచ్చిన మొక్క: గుర్తించు విధము, మెలగు విధము

మనము విత్తనము నాటని చోట, నీరు పోయని చోట, ఎవరును కోరని చోట మొక్కలు మొలచుచుండును. తులసికోట ప్రక్కన, మల్లెపందిరి క్రింద, మేడమీది కుండీలో, ప్రహరీగోడ బీటలో ఒక దినమున రెండాకులు కనబడును. వారము దినములలో అవి నాలుగగును. నెల గడచునప్పటికి మోకాలెత్తు మొక్క నిలుచును. "ఇది యేమి మొక్క?" అని పిల్లలడుగుదురు. పెద్దలలో ఒకరు "కలుపు, పెరికివేయుము" అందురు. మరియొకరు "ఏదో ఆకుకూర వలె నున్నది, ఉండనిమ్ము" అందురు. ఈ రెండు మాటలును మొక్కను తెలిసి చెప్పినవి కావు. పెరుకుమన్నవారికి దానిని వట్టి చేతులతో పెరుకవచ్చునో లేదో తెలియదు. ఉండనిమ్మన్నవారికి అది కూరయో విషమో తెలియదు.

పేరు తెలియని మొక్కను గుర్తుపట్టుట ఎట్లు, గుర్తుపట్టు వరకు దానితో ఎట్లు మెలగవలెను అను రెండు విషయములను ఈ వ్యాసమున వివరించెదను. తెలుగు పండితునికి మొక్కల గొడవ ఎందుకని మీరడుగవచ్చును. రెండు భాషల నడుమ పెరుగుచున్న మన పిల్లలకు ఇది సగము వృక్షశాస్త్రము, సగము భాషా విషయము. ఏలయన, మొక్కను మనము ముందుగా పేరుతోనే పట్టుకొందుము. ఆ పేరే ఒక్కొక్కప్పుడు మనలను మోసగించును.

ఎక్కడనుండి వచ్చినది?

మొక్కకు కాళ్లు లేవుగాని విత్తనమునకు దారులనేకములు. జిల్లేడు విత్తనమునకు దూది వంటి కుచ్చు గలదు. గాలి దానిని వీధులు దాటించును. ఉత్తరేణి గింజలు పంచె అంచును, పశువుల తోకను పట్టుకొని ప్రయాణము చేయును. కామంచి పండ్లను పక్షులు తిని, గింజలను గోడమీద, తీగమీద కూర్చుండి విడుచును. ఆముదపు కాయ ఎండి చిట్లి గింజలను దూరముగా విసరును. ఇవి ప్రకృతి యేర్పరచిన దారులు.

మనుష్యులు ఏర్పరచిన దారులు వేరు. బెంగుళూరులో ఇల్లు కట్టువారు ఇసుకను, తోట వేయువారు ఎఱ్ఱమట్టిని, పశువుల ఎరువును బండ్లమీద తెప్పింతురు. ఆ మట్టిలో ఏ పొలము విత్తనములున్నవో ఎవరును చూడరు. ఏప్రిల్, మే నెలల జల్లులు పడగానే అవి మేలుకొనును. నైరృతి ఋతుపవనముతో బలపడును. ఈశాన్య ఋతుపవనముతో మరల క్రొత్త పంట వచ్చును. కావుననే ఈ నగరమున సంవత్సరములో చాల భాగము పిలువని అతిథులు వచ్చుచునే యుందురు.

వచ్చినవన్నియు చెడ్డవి కావు. పాయలకూర, పొన్నగంటికూర, చెంచలికూర, తోటకూరలో కొన్ని జాతులు తమంతట తామే మొలచి మన పూర్వులకు కూరలయినవి. నేల ఉసిరి, తుమ్మి, ఉత్తరేణి మొదలగువానిని మన పల్లెలలో ఎరుగనివారు లేరు. ఈ ఎరుక యుండుటచేతనే ప్రమాదము కూడ కలుగుచున్నది. "మా ఊరిలో దీనిని తినెడివారము" అను జ్ఞాపకము మనకు నిలిచియున్నది. కాని ఆ ఊరి మొక్కయే ఈ పెరటి మొక్కయా అని పోల్చి చూచు కన్ను, తరము మారుకొలది మందగించుచున్నది.

పేరు చేయు మోసము

వినాయకచవితి పూజకు ఇరువదియొక్క పత్రములు కావలెను. వానిలో దత్తూర పత్రమొకటి. దత్తూరమనగా సంస్కృతమున ఉమ్మెత్త. తెల్లని లేక ఊదారంగు గల బూర వంటి పువ్వు, ముండ్లో బుడిపెలో గల గుండ్రని కాయ, వెడల్పయిన మెత్తని ఆకు దీని లక్షణములు. కర్ణాటకమున దీనిని ఉమ్మత్తి యనియు, మదగుణికె యనియు పిలుతురు. ఉమ్మెత్తకును ఉమ్మత్తికిని గల చుట్టరికమును చెవియే చెప్పును.

ఇప్పుడొక చిక్కు చూడుడు. కన్నడ దేశమున కొన్ని తావులలో "దత్తూరి" అనినచో ఉమ్మెత్త కాదు, బలురక్కసి. అనగా పసుపు పచ్చని పూవులు పూయునట్టిదియు, ఆకుల అంచులయందంతటను ముండ్లు గలదియు, త్రుంచినచో పసుపు పాలు కారునదియు నగు వేరొక మొక్క. దీనికే "అరిశిన ఉమ్మత్త", అనగా పసుపు ఉమ్మెత్త, అను పేరు కూడ కలదు. రెండింటి కాయలకును ముండ్లుండుటచేత ఈ పేరు సంక్రమించి యుండవచ్చును. పండుగ ముందు దినమున ఒక తెలుగు బాలుడు "దత్తూర పత్ర మెక్కడ దొరకును?" అని ప్రక్కయింటివారి నడిగినచో, వారు మంచి మనసుతోనే బలురక్కసిని చూపవచ్చును. ఇందులో తప్పెవరిది? అడిగిన మాట సరియైనదే. చెప్పిన మాటయు సరియైనదే. మొక్క మాత్రము వేరు.

మనలో మనకే ఈ చిక్కు తక్కువ కాదు. బలురక్కసిని తెలుగువారు కొందరు బ్రహ్మదండి యందురు. ఉండలవంటి ముండ్ల పూవులు గల మరియొక మొక్కకును బ్రహ్మదండి యనియే పేరు. గలిజేరు అను పేరును రెండు వేర్వేరు మొక్కలకు వాడుచున్నారు. ఒంటికి తగిలినచో దురద పుట్టించు దూలగొండి యను పేరు కూడ ఒక్క మొక్కది కాదు. తీగగా పాకి నూగు కాయలు కాయుదాని నొకచోట, ఆకులకు కుట్టు నూగు గలదాని నొకచోట అట్లు పిలుతురు.

ఇట్టి పొరపాటు వలన కలుగు నష్టమెంతటిదో బలురక్కసియే మనకు నేర్పినది. దాని గింజ నల్లగా, చిన్నదిగా, చూచుటకు ఆవగింజవలె నుండును. 1998లో ఢిల్లీ నగరమున ఆవనూనెలో బలురక్కసి నూనె కలియుటచేత వేలమందికి కాళ్లు వాచి, ఊపిరాడక, అరువదిమందికి పైగా మరణించిరి. గింజకు గింజ పోలిక యుండుటయే ఇంత కీడు మూటగట్టుకొన్నది.

కావుననే శాస్త్రజ్ఞులు ఒక్కొక్క మొక్కకు ఒక్కొక్క పేరే యుండునట్లు ఏర్పాటు చేసికొనిరి. స్వీడన్ దేశీయుడగు కార్ల్ లినేయస్ 1753లో ప్రకటించిన గ్రంథమునుండి ఈ రెండు మాటల పేర్లు స్థిరపడినవి. మనము చెప్పుకొన్న ఉమ్మెత్తకు డాటురా మెటల్ అనియు, బలురక్కసికి ఆర్జిమోన్ మెక్సికానా అనియు ఆయన ఆనాడే పేర్లు పెట్టెను. ఈ పేర్లు తెలుగువానికిని కన్నడిగునికిని ఒక్కటియే. జపాను దేశస్థునికిని అంతియే. ఇవి నోరు తిరుగని పేర్లని విడువరాదు. మందు సీసాపై చీటీ యెట్టిదో మొక్కకు శాస్త్రీయ నామమట్టిది.

అట్లని ఊరి పేర్లు పనికిరానివని తలపవలదు. విలియం రాక్స్‌బర్గ్ అను వైద్యుడు పదునెనిమిదవ శతాబ్దపు చివర సామర్లకోటలో నుండి సర్కారు జిల్లాల మొక్కలను పరిశీలించెను. 1795లో లండనునందు ప్రచురణ మొదలైన ఆయన గ్రంథము, "కోరమండల తీరపు మొక్కలు" అనునది, మొక్కల తెలుగు పేర్లను కూడ నమోదు చేసినది. ఆనాటి పల్లెవారు చెప్పిన పేరు లేకున్నచో ఆయనకు ఆ మొక్క ఉపయోగము తెలియకపోయెడిది. ఊరి పేరు మొక్క ఇంటికి దారి చూపును. శాస్త్రీయ నామము ఆ ఇంటి తలుపును నిర్ధారించును. రెండును కావలెను.

వయ్యారిభామ కథ

బెంగుళూరు తోటలలోను, ఖాళీ స్థలములలోను తనంతట మొలచు మొక్కలలో మనము మొదట నేర్చుకొనవలసినది వయ్యారిభామ. దీని శాస్త్రీయ నామము పార్థీనియం హిస్టెరోఫోరస్. ఇచటి జనులు కాంగ్రెస్ గిడ అందురు. ఆంధ్ర తెలంగాణములలోను కాంగ్రెస్ గడ్డి యను వాడుక కలదు. తెల్లని చిన్న పూలు టోపీల వలె కనబడుటచే ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. వయ్యారిభామ యను పేరు ఎంత అందముగా నున్నదో చూడుడు! గాలికి సన్నని కొమ్మలతో ఊగు తీరును చూచి ఎవరో రసికుడు పెట్టియుండును. ఈ పేరు విని దానిని ముద్దుచేసినవారు మాత్రము చిక్కులలో పడుదురు.

దీని పుట్టినిల్లు అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతములు. మన దేశమున 1955లో పూనా నగరమున చెత్త కుప్పలమీద దీనిని గమనించిరి. మరుసటి సంవత్సరము ఆర్. ఎస్. రావు అను వృక్షశాస్త్రజ్ఞుడు దీనిని గూర్చి ప్రకటించెను. దిగుమతియైన గోధుమల వెంట వచ్చినదను మాట ప్రసిద్ధమైయున్నది. వచ్చిన దారి ఏదైనను వ్యాపించిన వేగము మాత్రము అందరకును తెలిసినదే. మొలచిన నెల దినములకే ఇది పూయగలదు. ఒక్క మొక్క పదునైదు వేలకు పైగా విత్తనములను రాల్చగలదు. విత్తనము సన్ననిది, గాలికిని, నీటికిని, బండి చక్రమునకును, చెప్పు అడుగునకును సులభముగా లొంగును.

దీని కీడు రెండు విధములు. మొక్కయందు పార్థీనిన్ అను పదార్థము కలదు. అది చర్మమునకు మరల మరల తగిలినచో కొందరికి దద్దుర్లు, దురద, ఎఱ్ఱదనము కలుగును. ముఖము, మెడ, మోచేతి మడతలు ముందుగా బాధపడును. పుప్పొడి ముక్కులో ప్రవేశించినచో తుమ్ములు, ముక్కు కారుట, ఆయాసము కలుగవచ్చును. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు ఈ నగర ప్రజలలో ఈ మొక్కవలని ముక్కు జబ్బును గూర్చి సంవత్సరముల తరబడి పరిశోధించి ప్రకటించిరి.

ఇందొక రహస్యమున్నది, దానిని పిల్లలును తల్లిదండ్రులును గుర్తుంచుకొనవలెను. ఈ జబ్బు మొదటి తాకుడుకే రాదు. నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు తాకిన పిమ్మట శరీరము ఎదురు తిరుగును. ఒకసారి ఎదురు తిరిగినచో పిమ్మట కొంచెము తగిలినను బాధ కలుగును. "నేను నిన్న పెరికితిని, నాకేమియు కాలేదు" అని ధైర్యము చెప్పువారి మాట ఇందువలననే ప్రమాణము కాదు.

ఈ మొక్కతో మన నగరము చేసిన పోరాటములో ఒక ఘట్టము చెప్పదగినది. 1983లో మెక్సికో దేశమునుండి ఒక చిన్న పెంకు పురుగును బెంగుళూరునకు తెప్పించిరి. దాని పేరు జైగోగ్రామా బైకలొరేటా. పాలమీగడ రంగు వీపుపై ముదురు గీతలు గల పురుగు అది. అది వయ్యారిభామ ఆకులను తినునుగాని పంటలకు హాని చేయదని పరీక్షించిన పిమ్మట 1984లో ఇచటనే బయట విడిచిరి. అచటినుండి అది దేశమున ననేక ప్రాంతములకు వ్యాపించినది. వానకాలమున జల్లెడవలె ఆకులు చిల్లులుపడిన వయ్యారిభామ కనబడినచో అది ఈ పురుగు పనియై యుండవచ్చును. అట్టి పురుగును చూచినచో చంపకుడు. అయితే ఎండకాలమున ఆ పురుగు నేలలో దాగి నిద్రించును. కావున మన పెరటి పనిని పురుగునకే విడిచిపెట్టుటకు వీలులేదు.

వయ్యారిభామను లేతగా నున్నప్పుడే గుర్తుపట్టుట అవసరము. మొదట నేలకు అంటుకొని చక్రమువలె ఆకులు పరచుకొనును. ఆకులు క్యారెట్ ఆకులవలె లోతుగా చీలియుండును. పిమ్మట నడుమనుండి నిలువు గాళ్లు గల నూగు కాండము లేచి, పైన అనేక కొమ్మలై, జొన్నగింజ అంతటి తెల్లని పూగుత్తులను ధరించును. ఒక్కొక్క పూగుత్తి అంచున ఐదు చిన్న మూలలు కనబడును. చీలిన ఆకులను చూచి దీనిని మాచిపత్రి యని భ్రమించుట కూడ సులభమే. మాచీ పత్రమును పూజకు కోయువారు జాగ్రత్తపడవలెను. మాచిపత్రి ఆకు అడుగువైపు తెల్లని నూగుతో నుండును. మంచి వాసన గలది. వయ్యారిభామకు ఆ తెలుపును లేదు, ఆ పరిమళమును లేదు.

గుర్తించు విధము

తెలియని మొక్కను పరీక్షించుటకు కన్ను, కాగితము, కొలబద్ద చాలును. నాలుక అక్కరలేదు. "కొంచెము కొరికి చూచినచో తెలియును" అనునది మిక్కిలి ప్రమాదకరమైన మాట. చేదుగా లేని విషములు కలవు; చేదుగా నుండియు మంచివి కలవు. రుచి ఎన్నడును సాక్ష్యము కాదు. ఆకును నలిపి వాసన చూచుటయు, తెలియని మొక్క విషయమున, తగదు.

మొదట అది మొలచిన చోటును, దినమును వ్రాసికొనుడు. నీడయా, ఎండయా, తడి నేలయా, క్రొత్తగా తెచ్చిన మట్టియా అనునది గుర్తింపునకు తోడ్పడును.

రెండవది కాండము. గుండ్రముగా నున్నదా, నాలుగు పలకలుగా నున్నదా? తులసి, తుమ్మి మొదలగువాని కాండము నాలుగు పలకలుగా నుండును. నూగు కలదా, ముండ్లు కలవా, గాళ్లు కలవా?

మూడవది ఆకుల అమరిక. ఒక కణుపు వద్ద ఎదురెదురుగా రెండాకులున్నవా, లేక ఒకటి విడిచి ఒకటి ఉన్నవా? జిల్లేడునకు ఎదురెదురు, ఆముదమునకు ఒకటి విడిచి ఒకటి. ఆకు అంచు నునుపా, రంపపు పండ్లవలె నున్నదా, చీలికలా? మొలకెత్తునప్పుడు వచ్చు మొదటి రెండాకులు బీజదళములు. వానిని చూచి నిర్ణయింపరాదు. తరువాత వచ్చు ఆకులే మొక్క ముఖము.

నాలుగవది పాలు. గాలికి విరిగిన కొమ్మ యున్నచో, ఒక పుల్లతో కదల్చి చూడుడు. తెల్లని పాలు కారుచున్నవా, పసుపు పాలా, ఏమియు లేదా? పాలు గల మొక్కలన్నియు విషములు కావు. కాని పాలు కనబడినచో రెట్టింపు జాగ్రత్త వహింపవలెను. జిల్లేడు పాలు కంటిలో పడినచో నల్లగ్రుడ్డు పైపొర వాచి చూపు మసకబారును; ఒక్కొక్కప్పుడు మొదట నొప్పి కూడ తెలియదు.

అయిదవది పువ్వు, ఆరవది కాయ. పువ్వు వచ్చువరకు నిశ్చయముగా చెప్పుటకు వీలుకాని మొక్కలనేకములు. అట్టివానిని మొగ్గ తొడుగు వరకు ఉంచి చూడవచ్చునుగాని విత్తనము పండు వరకు ఉంచరాదు. వయ్యారిభామ యని అనుమానము కలిగినచో మొగ్గ వరకును ఆగవలదు.

ఈ ఆరు విషయములను వ్రాసి, పూర్తి మొక్కను, ఒక ఆకును, పువ్వును ప్రక్కన కొలబద్ద నుంచి ఛాయాచిత్రములు తీయవలెను. ఇప్పుడు చిత్రమును చూచి పేరు చెప్పు సాధనములు చేతి ఫోనులలో కలవు. అవి చెప్పు పేరును ఊహగా తీసికొనుడు, తీర్పుగా తీసికొనవలదు. లేత మొక్క విషయమున అవి తరచు తడబడును. తెలిసిన పెద్దవారొకరును, ఒక మంచి పుస్తకమును అదే పేరు చెప్పినప్పుడు నమ్మవచ్చును. అయినను తినుటకు ఆ నమ్మకము చాలదు. దానికి ఆ మొక్కను ఏండ్ల తరబడి కోసి వండినవారు ఎదుట నిలిచి చూపవలెను.

బెంగుళూరులో నుండుట ఈ విషయమున మన యదృష్టము. 1760లో హైదరాలీ ప్రారంభించిన లాల్‌బాగ్ ఉద్యానవనమున వేర్వేరు దేశముల చెట్లు పేరు పలకలతో నిలిచియున్నవి. పలకను చదివి ఆకును చూచుటకంటె మంచి పాఠము లేదు. గాంధీ కృషి విజ్ఞాన కేంద్రమున వ్యవసాయ విశ్వవిద్యాలయము కలదు. భారతీయ విజ్ఞాన సంస్థయందు ఎండబెట్టి అంటించిన మొక్కల భాండారము కలదు. పాఠశాల తరపున ఉపాధ్యాయులు వ్రాసి యడిగినచో తెలిసినవారి సహాయము పొందవచ్చును.

తాకు విధము, తీయు విధము

పేరు తెలియు వరకు ప్రతి మొక్కను విషమొక్కగానే భావింపవలెను. ఇది పిరికితనము కాదు, మర్యాద. తెలియనివారి యింటిలోనికి తలుపు తట్టక పోముకదా!

పెరుకువారు పెద్దలే కావలెను. ఉబ్బసము గలవారు, చర్మవ్యాధి గలవారు, చిన్నపిల్లలు ఆ పనికి తగరు. చేతులకు రబ్బరు తొడుగులు, పొడుగు చేతుల చొక్కా, కాళ్లకు మూసిన చెప్పులు, పూసిన మొక్కయైనచో ముక్కునకు గుడ్డ యుండవలెను. తొడుగులు లేనిచో రెండు ప్లాస్టిక్ సంచులను చేతులకు తొడుగుకొనవచ్చును.

వాన వెలిసిన మరునాడు నేల మెత్తగా నున్నప్పుడు పెరుకుట మంచిది; వేరుతో కూడ వచ్చును. ఎండిన నేలలో లాగినచో కాండము తెగి వేరు మిగిలి మరల చిగిర్చును. పువ్వు పూయక మునుపే తీయవలెను. పూసినదైనచో ముందుగా పూగుత్తులను సంచిలోనికి వంచి కోసి, పిమ్మట మొక్కను పెరుకవలెను. లేనిచో మనమే విత్తనములు చల్లినవారమగుదుము.

పెరికిన దానిని కాల్చరాదు. కొన్ని మొక్కల పొగ కన్నులకును ఊపిరితిత్తులకును హాని చేయును. గన్నేరు కట్టెలను పొయ్యిలో పెట్టకూడదని పెద్దలు చెప్పుట ఊరకనే కాదు. పశువులకు వేయరాదు, వయ్యారిభామను తిన్న పశువుల పాలు చేదెక్కును, వానికి జబ్బు చేయును. పూవులు, గింజలు గలవానిని ఎరువు గుంటలో వేయరాదు. సంచిలో మూతికట్టి ఎండబెట్టి చెత్తబండికి ఇయ్యవలెను. ప్రక్క ఖాళీ స్థలములోనికి విసరుట మన యింటి కష్టమును పొరుగువారికి పంచుటయే. గాలి వీచినచో అది మరల మనకే వచ్చును.

పని ముగిసిన పిమ్మట తొడుగులతోనే చేతులు కడిగి, తొడుగులు తీసి, మరల సబ్బుతో కడుగవలెను. అంతవరకు కన్నులు నలుపుకొనరాదు, తాంబూలము వేసికొనరాదు, బిడ్డను ఎత్తుకొనరాదు. కట్టుబట్టలను విడిగా ఉతుకవలెను.

పండుగ పత్రిని గూర్చి ఒక మాట. ఇరువదియొక్క పత్రములలో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు కూడ కలవు. ఈ మూడును దేవునికి సమర్పింపదగినవేగాని నోట పెట్టుకొనదగినవి కావు. మన పూర్వులు విషవృక్షములను కూడ ఆకు ఆకుగా పిల్లలకు చూపుటకు ఏడాదికొక దినము నియమించిరని నేను తలంతును. ఆ చూపుట మానివేసి అంగడిలో కట్ట కొనుచున్నాము. పిల్లలకు పత్రి మిగిలినదిగాని పరిచయము మిగులలేదు. పత్రి కోసిన చేతులను ప్రసాదము ముట్టుటకు ముందు కడుగుకొనుడు. పూజానంతరము పత్రిని పశువులకు అందకుండ ఉంచుడు.

ఆపద కలిగినచో

చర్మమునకు తగిలి మంట పుట్టినచో ధారాళముగా నీటితోను సబ్బుతోను కడుగవలెను. కంటిలో పాలు పడినచో శుభ్రమైన నీటిని పదునైదు ఇరువది నిమిషములు కంటిపై పోయుచు, నొప్పి లేకున్నను వైద్యుని వద్దకు పోవలెను.

పిల్లవాడు తెలియని ఆకునో కాయనో తినినచో నోటిలో మిగిలినది ఉమియించి, నోరు పుక్కిలింపజేయుడు. వాంతి చేయింపవలదు. ఉప్పునీరు, చింతపండు పులుసు, మజ్జిగ వంటి ఇంటి విరుగుడులతో కాలము వ్యర్థము చేయవలదు. 108కి ఫోను చేయుడు, లేదా నేరుగా పెద్ద ఆసుపత్రికి తీసికొనిపొండు. తిన్న మొక్క కొమ్మను సంచిలో వేసి వెంట తీసికొనిపొండు. వైద్యునికి అది నూరు మాటలకంటె మేలు.

ఉమ్మెత్త తిన్నవానికి నోరు ఎండును, కనుపాపలు పెద్దవగును, ఒళ్లు వేడెక్కును, గుండె వేగముగా కొట్టుకొనును, మాటలు పొంతన తప్పును. పచ్చగన్నేరు కాయ గుండె నడకను తప్పించును. ఆముదపు గింజను, గురిగింజను నమిలినచో గంటలు గడచిన పిమ్మట కూడ లక్షణములు కనబడవచ్చును. కావున "బాగుగనే యున్నాడు" అని ఇంటిలో కూర్చుండరాదు. కొట్టుదురను భయమున పిల్లలు తిన్నమాట దాతురు. తల్లిదండ్రులారా, తిన్నానని చెప్పిన బిడ్డను ఆ దినమున మందలింపకుడు. భయము వలన దాగిన మాటకంటె విషము వేరొండు లేదు.

పేర్ల పుస్తకము

విద్యార్థులారా, ఈ సంవత్సరము మీరొక పని చేయవలెనని కోరుచున్నాను. ఒక నోటు పుస్తకము తీసికొని, మీ యింటి చుట్టును తమంతట మొలచిన మొక్కలలో పదింటిని ఎన్నుకొనుడు. వానిని కోయవలదు, బొమ్మ గీయుడు. ఒక్కొక్కదాని క్రింద మూడు గళ్లు గీయుడు. మొదటి గడిలో తెలుగు పేరు, దానిని మీ అమ్మమ్మనో తాతనో అడుగుడు, వారు చిత్తూరు వైపువారైన నొక పేరు, కోలారు వైపువారైన నొక పేరు చెప్పవచ్చును, రెండును వ్రాయుడు. రెండవ గడిలో కన్నడ పేరు. దానిని ప్రక్కయింటి అజ్జి నడుగుడు, ఆమె సంతోషముతో చెప్పును. మూడవ గడిలో శాస్త్రీయ నామము. దానిని మీ విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుడు సరిచూచును. మూడు గళ్లును నిండు వరకు ఆ మొక్కను చేతితో తాకకుడు.

మన భాషలో మొక్కల పేర్లు వేలు కలవు. అవి నిఘంటువులలో భద్రముగా నున్నవిగాని నోళ్లలో తగ్గుచున్నవి. ఇంటిలో తెలుగును వీధిలో కన్నడమును మాటలాడు మీకు, ఒక్క భాష వానికి లేని సౌకర్యమున్నది: ఒకే మొక్కను రెండు పేర్లతో పిలువగలరు. రెండు పేర్లు తెలిసినవాడు ఒక పేరు చేత మోసపోడు. ఒక పేరు విన్నంతనే "ఏ మొక్కను ఆ పేరుతో పిలుచుచున్నారు?" అని అడుగుట అతనికి అలవాటగును. ఆ ప్రశ్నయే మీ ఆరోగ్యమునకు కాపు, మీ భాషకు కాపు.